మతాల పాఠం చెప్పేముందు బొజ్జన్నకొండ ఎక్కండి

అనకాపల్లిని ఆనుకున్నట్టే ఉంటుంది శంకరం అనే ఊరు. ఆ ఊరి పక్కనే బొజ్జన్నకొండ. మొన్నమొన్నటి దాకా ఏటా కనుమనాడు చుట్టుపక్కల పల్లెల జనం తీర్థానికి బయల్దేరినట్టు పిల్లాపాపలతో అక్కడికి చేరేవారు. బొజ్జలా ఉబ్బెత్తుగా కనిపించే ఒక కట్టడం మీద రాళ్లు విసిరేవారు. అది రాక్షసుడి పొట్ట అని వాళ్ల నమ్మకం. నిజానికది బౌద్ధ స్తూపం. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఇన్‌టాక్ లాంటి సంస్థలు కలగజేసుకుని నచ్చజెప్పాక గానీ ఆ రాళ్లు ఆగలేదు.

రాళ్లు విసిరినవాళ్లకు బుద్ధుడి మీద కోపమేమీ లేదు. పండగ పూట కొండెక్కడం, పెద్దలు చేసిందే తామూ చేయడం, చీకటి పడకముందే ఇల్లు చేరడం, అంతే. వాళ్లలో చాలామంది బడికి వెళ్లినవాళ్లే. సాంఘికశాస్త్రంలో ‘బుద్ధుడు ఎక్కడ జన్మించెను’ అన్న ప్రశ్నకు లుంబిని అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లే. లుంబిని తెలిసింది, బొజ్జన్నకొండ తెలియలేదు. మన మతాల పాఠం ఎంత లోతుకు దిగుతోందో కొలవడానికి ఇంతకన్నా వేరే పరీక్ష అక్కర్లేదు.

రావికమతం, కొత్తకోట, రోలుగుంట, బుచ్చెయ్యపేట వైపు హైస్కూళ్లలో సోషల్ చెప్పే మాస్టార్లను, టీచరమ్మలను దృష్టిలో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తల్లిదండ్రులకూ పనికొస్తుంది. భారతదేశంలో పుట్టిన పెద్ద మతాలు నాలుగు: హిందూ, జైన, బౌద్ధ, సిక్కు మతాలు. ఈ నాలుగింటినీ ఒక్క గళ్ల పట్టికలో ఇరికించి బట్టీ పట్టించడం తేలిక. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి మాత్రం కొంత నేర్పు కావాలి. అది సాధనతో వచ్చేదే.

ముందు భయం సంగతి

చాలామంది టీచర్లు ఈ పాఠాన్ని చుట్టబెట్టేస్తారు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అంటారు. తరగతిలో అన్న మాట సాయంత్రానికి ఊళ్లోకి, రాత్రికి వాట్సాప్‌లోకి వెళుతుంది. ఏ తండ్రి వచ్చి నిలదీస్తాడో, ఏ నాయకుడు ఫోన్ చేస్తాడో తెలియదు. ఈ భయం అర్థం లేనిదని అనలేను. కానీ చట్టం ఏం చెబుతుందో తెలిస్తే అందులో సగం పోతుంది.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు అంటుంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న బడిలో కూడా ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకో పూజకో రమ్మని బలవంతపెట్టకూడదని మూడో క్లాజు చెబుతుంది. మరి మతాల పాఠం చెప్పొచ్చా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మతబోధ వేరు, మతాల గురించిన చదువు వేరు, రెండోదానికి 28వ అధికరణం అడ్డురాదు అని 2002లో అరుణారాయ్ కేసులో కోర్టు తేల్చింది. అంతకు చాలాముందే, 1964–66 నాటి కొఠారి కమిషన్ కూడా ప్రధాన మతాల గురించి చక్కగా ఎంపిక చేసిన సమాచారం పిల్లలకు అందాలని సిఫారసు చేసింది. కాబట్టి మీరు చేస్తున్నది దొంగచాటు పని కాదు, ఉద్యోగంలో భాగం.

గీత ఎక్కడుందో మాత్రం గుర్తుంచుకోవాలి. చెప్పడం వేరు, చేయించడం వేరు. గాయత్రీ మంత్రాన్ని ఎవరు, ఎప్పుడు, ఏమని తలచుకుని జపిస్తారో చెప్పండి, తరగతి చేత జపం చేయించకండి. బుద్ధం శరణం అనే మాటకు బౌద్ధుల జీవితంలో ఉన్న చోటు వివరించండి, లేచి నిలబడి అనమనకండి. ‘ఈ వారం అందరూ జైనుల అపరిగ్రహ వ్రతం పాటించి డైరీ రాయండి’ లాంటి కృత్యాలు కొన్నిచోట్ల చూశాను. ఉద్దేశం మంచిదే, కానీ అది గీత దాటడమే. దానికి బదులు, సూర్యాస్తమయం లోపే భోజనం ముగించాలనే నియమం పాటించే జైన కుటుంబంలోని అమ్మాయికి సాయంత్రం ట్యూషన్ ఉంటే రోజు ఎలా గడుస్తుందో ఆలోచించి రాయమనండి. అది చదువు.

ప్రతి మాటకూ ఒక సొంతదారు

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క అలవాటే నేర్చుకోగలిగితే ఇది నేర్చుకోండి. మతం గురించి తరగతిలో మీరనే ప్రతి వాక్యానికీ సొంతదారు ఉండాలి. ‘జైనులు నమ్ముతారు’, ‘సిక్కుల సంప్రదాయంలో ఉంది’, ‘పురాణం చెబుతుంది’, ‘శాసనంలో ఉంది’, ‘తవ్వకాల్లో బయటపడింది’. ఎవరి మాటో చెప్పకుండా గాల్లో వదిలిన వాక్యమే తర్వాత గొడవవుతుంది.

ఉదాహరణకు ఈ ప్రశ్న చూడండి. బుద్ధుడి పాఠం మొదలుపెట్టగానే దాదాపు ప్రతి తరగతిలోనూ వస్తుంది.

‘మేష్టారండీ, బుద్ధుడు విష్ణుమూర్తి అవతారమే కదండీ?’

‘ఎవరు చెప్పారురా?’

‘మా నాయనమ్మ. గుళ్లో దశావతారాల బొమ్మల్లో ఉంటాడంట.’

ఇక్కడ అవునన్నా చిక్కే, కాదన్నా చిక్కే. ‘మీ నాయనమ్మ చెప్పింది ఉన్నమాటే. కొన్ని పురాణాలు బుద్ధుణ్ని విష్ణువు అవతారాల్లో లెక్కపెట్టాయి, వైష్ణవుల్లో చాలామంది అలాగే నమ్ముతారు. బౌద్ధులు ఆ మాట ఒప్పుకోరు. అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నప్పుడు తన వెంట వచ్చినవాళ్ల చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, బుద్ధుణ్ని విష్ణువు అవతారంగా నమ్మను అన్నది ఒకటి’ అని చెప్పండి. అక్కడితో ఆగండి. పిల్లవాడు నాయనమ్మ దగ్గర చిన్నబోడు, ఆ తరగతిలో బౌద్ధ కుటుంబం పిల్ల ఉంటే ఆమె కూడా చిన్నబోదు. ‘మరి ఎవరిది నిజం?’ అని ఎవడో ఒకడు అడిగి తీరతాడు. ‘ఎవరు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం వరకే సోషల్ పీరియడ్. ఆ ప్రశ్న నువ్వు పెద్దయ్యాక నీకు నువ్వు తేల్చుకోవాల్సింది’ అనండి. ఇది తప్పించుకోవడం కాదు. వాడి హక్కు వాడికి వదిలిపెట్టడం.

స్థాపకుడి గడి కొట్టేయండి

పట్టికలో ‘స్థాపకుడు’ అని ఒక గడి ఉంటుంది కదా, దాన్ని పిల్లల చేతే అడ్డంగా కొట్టించండి. నాలుగింట్లో రెండు మతాలకు అది సరిపడదు. హిందూ మతానికి స్థాపకుడు లేడు. జైనానికి మహావీరుడు స్థాపకుడని చాలా గైడ్లలో అచ్చవుతోంది గానీ జైనుల లెక్కలో ఆయన ఇరవై నాలుగో తీర్థంకరుడు. మొదటివాడు ఋషభనాథుడు, ఇరవై మూడో ఆయన పార్శ్వనాథుడు. మహావీరుణ్ని స్థాపకుడంటే జైన కుటుంబంలో పుట్టిన పిల్లలకు మొదటి వాక్యంలోనే తప్పు చెప్పినట్టవుతుంది. ఆ గడి తీసేసి, ‘వీళ్లను మన వైపు ఎక్కడ చూడొచ్చు’ అని రాయండి. పాఠం అక్కణ్నుంచి దారి పట్టాలి.

హిందూ మతాన్ని చెప్పడం తేలికనుకుంటారు. నా మట్టుకు నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పిల్లలు తమకు తెలుసనుకుంటారు, మనమూ తెలుసనుకుంటాం. అందుకే వేదాలతో మొదలుపెట్టకండి. కళ్యాణపులోవ పోతురాజుబాబు దగ్గరకు మొక్కుకు వెళ్లినప్పుడు ఏం చూశారో చెప్పమనండి. కోడిని కోయడం చెబుతారు, అక్కడే వండుకు తినడం చెబుతారు. చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి సంగతి అడగండి. స్వామి తొండం చివర భూమిలోపలి నుంచి కోనేరు దాకా ఉందని అక్కడి భక్తుల నమ్మకం. ఉగాదికి ముందు కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతర గురించి చెప్పమనండి. సింహాచలంలో ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో కనిపించడం గురించి అడగండి. అప్పుడు ఈ నాలుగూ బోర్డు మీద రాసి, ఒకచోట కోడిని కోస్తారు, ఇంకోచోట ఉల్లిపాయ కూడా పెట్టరు, ఒకచోట పూజారి బ్రాహ్మడు, ఇంకోచోట మరో కులం వాళ్లు, ఇవన్నీ ఒకే మతం ఎలా అయ్యాయి అని అడగండి. ఆ ప్రశ్న పడ్డాక వేదాలు, ఉపనిషత్తులు, రామాయణ భారతాలు, భక్తి ఉద్యమం ఒక్కొక్కటిగా తీసుకురండి. స్థాపకుడు లేని, ఒకే గ్రంథం లేని మతం ఎలా ఉంటుందో అప్పటికి వాళ్ల కళ్ల ముందు ఉంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. అమ్మవారి పండగలో ఎవరు ఏ పని చేస్తారని అడిగితే కులం బయటికి వస్తుంది. డప్పు ఎవరిది, ఘటం ఎవరిది, గుళ్లోకి ఎవరు వెళ్లరు అన్నదాకా పోతుంది. అది దాచాల్సిన విషయం కాదు, హిందూ సమాజంలో కులం లేదన్నట్టు చెప్పే పాఠం అబద్ధపు పాఠం. కానీ ఏ పిల్లవాణ్నీ లేపి ‘మీ వాళ్లేం చేస్తార్రా’ అని అడగకండి. ‘ఒక ఊళ్లో’ అని మీరే చెప్పండి. కులాన్ని ప్రశ్నించిన గొంతులు కూడా ఆ మతం లోపలి నుంచే ఎలా లేచాయో అక్కడే కలపొచ్చు.

ఇంకొకటి. చీమలపాడు వైపు కొండ అంచు గూడేల నుంచి వచ్చే కొండదొర పిల్లలు మీ తరగతిలో ఉండవచ్చు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వాళ్లకు తెలుసు, మైదానం పిల్లలకు తెలియదు. ఆ పండగ పట్టికలోని నాలుగు మతాల్లో దేని కింద రాయాలి? ఆదివాసీలు కొందరు తమను హిందువులమంటారు, కొందరు తమ ఆచారం వేరంటారు. గడులు మనం గీసుకున్నవే, మనుషులు వాటికి ముందే ఉన్నారు అని ఒక్క మాట చెప్పి, ఆ పండగను పట్టిక కింద విడిగా రాయించండి. తమ పేరు బోర్డు మీద కనిపించిన రోజున వెనక బెంచీలో పిల్లల నోరు పెగులుతుంది.

కొండ మీద ఒక పూట

ఇప్పుడు బౌద్ధం. బీఎన్ రోడ్డు మీద చోడవరం చేరి, అక్కణ్నుంచి అనకాపల్లి వెళితే శంకరం పక్కనే. ఒక్క పూటలో వెళ్లిరావచ్చు. తల్లిదండ్రుల అనుమతి కాగితాలు, నీళ్ల సీసాలు, టోపీలు. ఎండ ముదరకముందే కొండెక్కేయాలి. ‘కొండ మీద ఏ పూజా ఉండదు, దండం పెట్టాలని ఎవరూ అనరు’ అని అనుమతి కాగితంలోనే రాయండి. దాంతో ఏ ఇంట్లోనూ పేచీ రాదు.

బొజ్జన్నకొండ మీద పిల్లలు ఏం చూడాలి? ముందు పెద్ద స్తూపం. దాన్ని ఇటుకతో కట్టారని చూడగానే అనిపిస్తుంది. దగ్గరకు తీసుకెళ్లి చూపించండి, లోపలిది కొండరాయే. కొండను స్తూపం ఆకారంలో చెక్కి, దాని మీద ఇటుకలు పేర్చారు. తర్వాత గుహలు. పెద్ద గుహలో పదహారు స్తంభాలు లోపలి చోటును ఇరవై గదులుగా విడగొడతాయి, నడుమ రాతిలోనే తొలిచిన స్తూపం. గుహ గోడల మీద బుద్ధుడి విగ్రహాలు. ‘స్తూపం దగ్గర విగ్రహం లేదు, ఇక్కడ ఉంది. ఎందుకు?’ అని అడిగి, జవాబు కోసం కాసేపు ఊరుకోండి. మొదట్లో బౌద్ధులు బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కలేదని, స్తూపం, పాదాలు, చెట్టు, చక్రం లాంటి గుర్తులతో తలచుకున్నారని, మహాయానం వచ్చాక విగ్రహాలు పెరిగాయని అప్పుడు చెప్పండి. పుస్తకంలో నాలుగు పంక్తులున్న హీనయాన మహాయాన భేదాన్ని పిల్లలు ఇక చచ్చినా మరిచిపోరు. 1907–08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు చేయించాడనీ, దొరికినవాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటనీ చెబితే ‘ఉత్తరాది రాజు నాణెం ఇక్కడికెలా వచ్చింది?’ అని వాళ్లే అడుగుతారు. వ్యాపారం, రేవులు, భిక్షువుల ప్రయాణాలు అంతా ఆ ప్రశ్నలోంచి లాగొచ్చు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ భీమిలి దారిలో సముద్రాన్ని చూస్తూ ఎందుకున్నాయో కూడా అక్కడే అర్థమవుతుంది.

పక్కనే లింగాలకొండ. వరసలు వరసలుగా రాతిలో తొలిచిన చిన్న స్తూపాలు. దూరం నుంచి చూసిన జనానికి శివలింగాల్లా కనిపించాయి, పేరు అలా నిలిచింది. ఇటువైపు కొండ మీద స్తూపాన్ని రాక్షసుడి బొజ్జ అనుకున్నారు, అటువైపు కొండ మీద స్తూపాన్ని దేవుడనుకున్నారు. ఈ రెండూ పిల్లలతో గట్టిగా చర్చించదగ్గ విషయాలు. మనకు తెలియనిదాన్ని మనకు తెలిసినదాంట్లో కలుపుకోవడం అందరమూ చేసేదే. కనుమనాటి రాళ్ల సంగతి కూడా ఇక్కడే, కొండ మీదే చెప్పండి, తరగతిలో కాదు. ఎవరైనా ‘మా తాతా ఏసీవోడు’ అంటే నవ్వనివ్వకండి.

అక్కడ ఇంకో ప్రశ్న తప్పదు: ‘ఇంతమంది బౌద్ధులుండేవారు కదా, ఏమైపోయారు?’ ఇది జాగ్రత్తగా నడవాల్సిన చోటు. ఒక పక్క ‘హిందువులు కొట్టి తరిమేశారు’ అని, మరో పక్క ‘వాళ్లంతట వాళ్లే హిందూమతంలో కలిసిపోయారు’ అని రెండు రెడీమేడ్ జవాబులు తిరుగుతుంటాయి. రాజుల, వర్తకుల ఆదరణ తగ్గడం, విహారాలు ఆ ఆదరణ మీదే ఆధారపడటం, శైవ వైష్ణవ భక్తి ఉద్యమాలు బలపడటం, బుద్ధుణ్ని పురాణాలు తమలో కలుపుకోవడం, కొన్నిచోట్ల సంఘర్షణ, ఇలా చరిత్రకారులు చెప్పే కారణాలు అనేకం. అవన్నీ బోర్డు మీద వరసగా రాసి, ఏ ఒక్కదాని కిందా గీత గీయకుండా వదిలేయండి.

నన్నయ వెనకాల జైనుడు

జైనం దగ్గరకు వచ్చేసరికి పిల్లలకు గుర్తొచ్చేది టౌన్లోని మార్వాడీ కొట్టు. అది వెంటనే సరిదిద్దండి. మార్వాడీలందరూ జైనులు కారు, వాళ్లలో హిందువులు బోలెడుమంది. జైనులందరూ మార్వాడీలూ కారు. అసలు జైనం మనకు ఉత్తరాది నుంచి నిన్న మొన్న దుకాణాలతో వచ్చిందనుకోవడమే పొరపాటు.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర రామతీర్థం ఉంది. కింద రాముడి గుడికి ఉత్తరాంధ్ర జనమంతా వెళతారు. మీదనున్న కొండల మీదకు వెళ్లేది తక్కువమంది. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ గుహలో జైన విగ్రహాలు ఉన్నాయి. ఆ గుహలోని శాసనం తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలానిది, అంటే 1011–1018 మధ్యది. ఆ రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ కొండకు వచ్చి వందనం చేశాడని అందులో ఉంది. ఇప్పుడు బోర్డు మీద పేర్లు కిందికి దించండి: విమలాదిత్యుడు, అతని కొడుకు రాజరాజ నరేంద్రుడు, ఆ నరేంద్రుడు తెలుగులో భారతం రాయమని అడిగిన నన్నయ. తండ్రి గురువు జైనాచార్యుడు, కొడుకు ఆస్థానంలో మహాభారతం. తెలుగు వాచకంలో నన్నయ పాఠం ఎటూ ఉంటుంది, తెలుగు మాస్టారితో మాట్లాడుకుని రెండు పాఠాలూ ఒకే వారంలో పెట్టుకోండి. జైనం పరాయిది అన్న మాట మళ్లీ ఆ తరగతిలో వినపడదు.

సిద్ధాంతం చెప్పాల్సినప్పుడు కర్మ ఒక్కటి చాలు. ఆ మాట హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు అందరికీ ఉంది, అర్థం మాత్రం ఒకటి కాదు. బౌద్ధంలో కర్మకు ప్రాణం మనసులోని ఉద్దేశం. జైనంలో కర్మ అనేది కంటికి కనిపించనంత సన్నని పదార్థం, అది జీవానికి అంటుకుంటుంది. కోపం, గర్వం, మోసం, లోభం ఉన్నచోట గట్టిగా అంటుకుంటుంది. మన వైపు పిల్లలకు బెల్లం వండే చోటు కొత్త కాదు కాబట్టి, పాకం అంటిన చేతికి దుమ్ము పట్టినట్టు అనండి. పొడి చేతికైతే దుమ్ము దులిపితే పోతుంది. ఆ పాకాన్ని కడుక్కోవడానికే జైన సాధువు అంత కఠినమైన తపస్సు చేస్తాడు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని అయిదు వ్రతాలు ఎందుకో దీని తర్వాత చెబితే బట్టీ అవసరం ఉండదు.

పూరీ నుంచి వెళ్లిన మనిషి

ఇక సిక్కు మతం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సిక్కులు 2 కోట్ల 8 లక్షలు, బౌద్ధులు 84 లక్షలు, జైనులు 44 లక్షల చిల్లర. రావికమతం పిల్లవాడికి ఒక సిక్కు కనిపించడం అంటే హైవే మీద పంజాబ్ లారీ డ్రైవరో, సినిమాలో కామెడీ పాత్రో. ఆ కామెడీ దగ్గరే మొదట అడ్డుకట్ట వేయండి. సర్దార్జీ జోకులు మన తరగతి గుమ్మం బయటే ఉండిపోవాలి.

తర్వాత పూరీతో మొదలుపెట్టండి. ఉత్తరాంధ్ర ఇళ్లలో పూరీ జగన్నాథుణ్ని చూడనివాళ్లు తక్కువ. 1699 వైశాఖి నాడు ఆనందపూర్ సాహిబ్‌లో గురు గోవింద సింగ్ ‘తల ఇచ్చేవాళ్లెవరు’ అని అడిగినప్పుడు లేచి నిలబడ్డ అయిదుగురిలో ఒకరు హిమ్మత్ సింగ్. ఆయన పూరీ నుంచి వెళ్లినవాడనీ, నీళ్లు మోసే కుటుంబంవాడనీ సిక్కుల సంప్రదాయం. ఇంకొకరు సాహిబ్ సింగ్, బీదర్ నుంచి వెళ్లిన మంగలి. మిగతావాళ్లు లాహోర్, హస్తినాపురం, ద్వారక వాళ్లు. దేశం పటం తగిలించి అయిదు చోట్లా చుక్కలు పెట్టించండి. గురువు ఆ అయిదుగురికీ అమృతం ఇచ్చి, తర్వాత వాళ్ల ముందు తానే మోకరిల్లి వాళ్ల చేత అమృతం పుచ్చుకున్నాడన్న భాగం దగ్గర నిదానించండి. అయిదుగురివీ వేర్వేరు కులాలు, అందరూ ఒకే గిన్నెలోది తాగారు. కుల పట్టింపు ఏమిటో తెలిసిన పల్లె పిల్లలకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

గురు గ్రంథ సాహిబ్‌లో గురువుల వాణితో పాటు కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీదు పదాలు కూడా ఉన్నాయన్నది రెండో ముఖ్య విషయం. మూడోది లంగరు, అంటే గురుద్వారాలో ఏ భేదం లేకుండా అందరూ కలిసి కూర్చుని తినే ఉచిత భోజనం. విశాఖ వెళ్లే వీలుంటే సీతమ్మధార వైపు గురుద్వారా ఉంది, అక్కడి కూడలిని గురుద్వారా జంక్షన్ అనే పిలుస్తారు. ముందుగా నిర్వాహకులను అడిగి వెళ్లండి. చెప్పులు విప్పాలి, కాళ్లు చేతులు కడుక్కోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి. ఇది పూజ కాదు, వాళ్లింటికి వెళ్లినప్పుడు పాటించే మర్యాద అని పిల్లలకు ముందే చెప్పండి. లోపల నమస్కారం చేయాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది.

నాలుగూ అయ్యాక వచ్చే ప్రశ్న

‘మరి దేవుడున్నాడా మేష్టారండీ?’

నాలుగు మతాలూ చెప్పి ఈ ప్రశ్న రాలేదంటే పాఠం సరిగ్గా చెప్పలేదేమోనని అనుమానించుకోవాలి. జవాబు చెప్పే పని మనది కాదు గానీ, ఎవరేమంటారో చెప్పడం మన పనే. జైనులు లోకాన్ని సృష్టించిన దేవుడు లేడంటారు, ముక్తి పొందిన తీర్థంకరులను పూజిస్తారు. బుద్ధుడు లోకానికి ఆది ఉందా, అంతం ఉందా లాంటి కొన్ని ప్రశ్నలకు జవాబివ్వకుండా పక్కనపెట్టి, దుఃఖం సంగతి చూడమన్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. సిక్కులు ఒక్కడే, రూపం లేనివాడు అంటారు. హిందువుల్లో ఒక్కడే అన్నవాళ్లున్నారు, అనేకమంది అన్నవాళ్లున్నారు, ఆ ప్రశ్నే అనవసరం అన్నవాళ్లూ ఉన్నారు. మతమంటే దేవుణ్ని నమ్మడం అని ఇంటి దగ్గర నేర్చుకొచ్చిన పిల్లలకు ఇది పెద్ద విశేషం.

ఈ పాఠం జరుగుతున్నంతసేపూ తరగతిలో ఒకరిద్దరు మౌనంగా ఉంటారు, గమనించండి. ఆదివారం చర్చికి వెళ్లే పిల్ల, శుక్రవారం నమాజుకు వెళ్లే పిల్లవాడు. ‘ఇక్కడ పుట్టిన మతాలు’ అని పదేపదే వింటుంటే, మావి ఇక్కడివి కావా అన్న బాధ లోపల మొదలవుతుంది. అడగరు. మీరే ముందు చెప్పేయండి. జపాన్ పిల్లవాడికి, థాయిలాండ్ పిల్లకు బౌద్ధం బయటి నుంచి వచ్చిన మతం. అందుకని జపాన్‌లో బౌద్ధులు పరాయివాళ్లవుతారా? ‘పుట్టిన చోటు’ అన్నది భూగోళానికి సంబంధించిన సంగతి, పౌరసత్వానికి సంబంధించింది కాదు. క్రైస్తవం, ఇస్లాం కూడా వచ్చే నెల ఇదే పద్ధతిలో చదువుతామని తేదీతో సహా బోర్డు మీద రాయండి. రాసినట్టే చేయండి.

చివరగా పరీక్ష. ప్రశ్నపత్రం ఎలా ఉంటే చదువు అలా ఉంటుంది కాబట్టి యూనిట్ టెస్టులో మీ చేతిలో ఉన్న మార్కులైనా మార్చుకోండి. ‘మహావీరుడు ఎప్పుడు జన్మించెను’ తీసేసి ఇలాంటివి పెట్టండి. దీపావళిని హిందువులు, జైనులు, సిక్కులు ఎందుకు జరుపుకుంటారో ఒక్కొక్కరి మాటల్లో రాయండి. (మహావీరుడి నిర్వాణం, గురు హరగోవింద్ గ్వాలియర్ కోట చెర నుంచి విడుదలై రావడం రాస్తే మార్కులు ఇచ్చేయండి, నరకాసురుడి కథ ఎటూ వస్తుంది.) బుద్ధుడు అవతారమా అన్న ప్రశ్నకు ఇద్దరు ఇచ్చే రెండు జవాబులు రాయండి, మీ అభిప్రాయం రాయకండి. శంకరంలో మీరు చూసిన ఒక వస్తువు బొమ్మ గీసి, దాన్ని ఎవరు, ఎందుకు చేశారో రాయండి.

దిద్దేటప్పుడు ‘ఎవరు అంటారు’ అన్నది రాయని వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీయండి. మొదటి యూనిట్లో పేపరంతా ఎర్రగానే ఉంటుంది, మార్కులు మాత్రం తగ్గించకండి. రెండో యూనిట్ నుంచి సగం మార్కు తీసేస్తామని ముందే చెప్పండి. ఎవరైనా తండ్రి ‘మావాడికి ఏం నేర్పుతున్నారండీ?’ అని బడికి వస్తే ఆ దిద్దిన పేపర్లే చేతిలో పెట్టి, కుర్చీ వేసి, తీరిగ్గా చదువుకోమనండి.